కనిపించింది గానీ ఏమిటో తేల్చుకోలేకపోతున్నారా? వన్యప్రాణుల రికార్డుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, నర్సంపేట, ములుగు చుట్టుపక్కల చెరువు కట్టల మీద, అడవి అంచుల్లో తిరిగేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే. "ఏదో కనిపించింది, అదేమిటో గట్టిగా చెప్పలేను. రాయాలా, వదిలేయాలా?" ఏళ్ల తరబడి నోటుబుక్కులో రాసుకుంటూ, తప్పులు దిద్దుకుంటూ నేర్చుకున్నది ఇక్కడ పెడుతున్నాను. పక్షుల ఉదాహరణలే ఎక్కువ ఉంటాయి, ఎందుకంటే రోజూ కళ్లబడేవి అవే.

పేరే తెలియనప్పుడు రాసి ఏం లాభం?

చాలా ఉంది. ఎక్కడ చూశారు, ఎప్పుడు చూశారు, ఎన్ని ఉన్నాయి, ఏం చేస్తున్నాయి. పేరు తెలియకపోయినా ఈ నాలుగూ మీకు తెలుసు. జనవరిలో ఒక ఉదయం పాకాల చెరువు నడి నీళ్లలో రెండు వందలకు పైగా బాతులు ఉన్నాయి, ఎండ ఎదురుగా కొట్టడంతో రంగులు కనిపించలేదు అని రాశారనుకోండి. అది చదివినవాళ్లు మర్నాడు స్కోపు పట్టుకుని, ఎండ వెనక పడే ఒడ్డు చూసుకుని వెళ్తారు. మీరు రాయకపోతే ఆ రెండు వందల బాతులు ఆ రోజు అక్కడ లేనట్టే.

భయపడాల్సింది తెలియనిదాన్ని తెలిసినట్టు రాసినప్పుడు. తప్పు పేరు ఒకసారి లెక్కల్లో కలిసిపోయాక దాన్ని వెతికి పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. "బాతులు, జాతి తెలియలేదు" అన్న మాట పదేళ్ల తర్వాత చదివినా నిజమే.

మరి ఏ పేరు పెట్టి రాయాలి?

మీకు ఎంతవరకు గట్టిగా తెలుసో అంతవరకే. మన దగ్గర దీనికి తెల్లకొంగల కంటే మంచి పాఠం లేదు. వడ్డేపల్లి చెరువు దగ్గరో, భద్రకాళి చెరువు దగ్గరో ఒక పూట నిలబడితే నాలుగు రకాల తెల్లకొంగలు కనిపించొచ్చు. నల్ల ముక్కు, నల్ల కాళ్లు, వేళ్లు మాత్రం పసుపు రంగు సాక్సులు తొడిగినట్టు ఉంటే చిన్న తెల్లకొంగ, అంటే లిటిల్ ఎగ్రెట్. మెడ పొట్టిగా, ముక్కు పసుపుగా ఉండి బర్ల వెనకే తిరుగుతుంటే క్యాటిల్ ఎగ్రెట్. పెద్దదానికీ మధ్యరకందానికీ తేడా చెప్పేది నోటి చీలిక. అది కంటి కిందే ఆగిపోతే మధ్యరకం, కన్ను దాటి వెనక్కి పోతే పెద్దది. ముక్కు రంగును మాత్రం నమ్ముకోవద్దు, గుడ్లు పెట్టే కాలంలో ఈ రెండింటి ముక్కులూ నల్లబడతాయి.

ఇప్పుడు కొంగ నాట్లు వేసిన మడిలో, మోకాలి లోతు బురదలో ఉంది. వేళ్లు కనిపించవు. అలాంటప్పుడు పక్షుల రికార్డులు ఎక్కించే ఈబర్డ్‌లో "ఎగ్రెట్ ఎస్‌పీ" లాంటి ఒక ఎంట్రీ ఉంటుంది. ఎస్‌పీ అంటే ఆ గుంపులోదే గానీ ఏ జాతో తెలియలేదని అర్థం. రెండింట్లో ఏదో ఒకటి అని తెలిస్తే చాలా జతలకు అడ్డగీత పెట్టిన ఎంట్రీలు కూడా ఉంటాయి. అన్ని రకాల జీవుల రికార్డులూ పెట్టే ఐనాచురలిస్ట్‌లో అయితే జాతి దగ్గరే ఆగాలని ఏమీ లేదు. కుటుంబం దగ్గర, లేదంటే "పక్షి" అనే దగ్గర కూడా ఆపొచ్చు. కింద తెలిసినవాళ్లు ఎవరో ఒకరు ముందుకు తీసుకెళ్తారు.

సొంత నోటుబుక్కులో నేను మూడు మాటలే వాడతాను: ఖాయం, బహుశా, తెలియదు. "బహుశా" అని రాసిన ప్రతిసారీ పక్కనే ఎందుకు అనుమానమో ఒక ముక్క రాస్తాను. ఆ కారణం రాయని "బహుశా" నెల తిరిగేసరికి నాకే అర్థం కాదు.

ఊళ్లోవాళ్లు చెప్పిన పేరు రాయొచ్చా?

తప్పకుండా రాయండి, వాళ్లు అన్న మాట అన్నట్టే. దాన్ని ఇంగ్లీషు పేరులోకి మార్చేటప్పుడే జాగ్రత్త కావాలి. మన మాటల్లో చాలావాటికి విస్తీర్ణం ఎక్కువ. గద్ద అంటే ఆకాశంలో తిరిగే ఏ పెద్ద వేటపక్షైనా కావొచ్చు. నక్క, గుంటనక్క అన్నవి పుస్తకాల్లో రెండు వేర్వేరు జంతువులు, మాటల్లో మాత్రం ఒకదాని బదులు ఒకటి వచ్చేస్తుంటాయి. అలుగు అంటే ఒళ్లంతా పెంకులుండే జంతువూ అవుతుంది, చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటూ అవుతుంది. మనవైపు దాన్ని మత్తడి అనే ఎక్కువగా అంటాం కాబట్టి సరిపోయింది.

అన్నిటికంటే పెద్ద చిక్కు "పులి". చిరుతపులి కూడా పులే, పెద్దపులి కూడా పులే. "మొన్న రాత్రి గుట్ట కింద పులి కనబడ్డది" అని గొర్ల కాపరి అంటే ఆయన చెప్పింది అబద్ధం కాదు. మచ్చలా, చారలా అని మనం అడగలేదంతే. అలాగని "మచ్చలున్నాయా?" అని అడగకండి. అలా అడిగితే ఎదుటివాళ్లు మర్యాదకైనా అవునంటారు. "ఎట్ల ఉండె పెద్దాయనా, చెప్పు" అని ఊరుకోండి. ఎంత ఎత్తు, తోక ఎలా ఉంది, ఎటు పోయింది, అన్నీ ఆయనే చెబుతాడు. అడవి అంచున బతికేవాళ్ల చూపు మన బైనాక్యులర్ కంటే తక్కువదేమీ కాదు.

అక్కడికక్కడే ఏం రాసుకోవాలి?

పక్షుల బొమ్మల పుస్తకం తెరవకముందే రాసుకోవాలి. ఇది నేను అందరికీ గట్టిగా చెప్పే మాట. పుస్తకంలో బొమ్మ చూశాక మన జ్ఞాపకం ఆ బొమ్మలా మారిపోతుంది. చూడని చార కూడా చూసినట్టే అనిపిస్తుంది.

ఒకసారి ధర్మసాగర్ వైపు, వేపచెట్టు కొమ్మ మీద బూడిదరంగు వీపు, రొమ్ము మీద ఇటుకరంగు అడ్డచారలు, పొడుగు తోక ఉన్న పక్షి కూర్చుని ఉంది. చుట్టూ చిన్న పిట్టలు గోల గోలగా అరుస్తున్నాయి. డేగ అని రాసేశాను, షిక్రా అని. ఇంటికొచ్చి పుస్తకం చూసుకుని సంతోషపడ్డాను కూడా. అయితే మా గుంపులో ఒక అమ్మాయి అదే పక్షిని చూసి నోటుబుక్కులో నాలుగు ముక్కలు రాసుకుంది: "ముక్కు కొంకి తిరిగి లేదు. కంటి చుట్టూ పసుపు గీత. కాళ్లు సరిగా కనపడలేదు. ఎగిరి పోయి కొమ్మ మీదికి లేచినట్టు వాలింది." అది డేగ కాదు. కోకిల కుటుంబంలోని హాక్ కుకూ. చూడటానికి అచ్చం డేగలా ఉంటుంది, చిన్న పిట్టలు సైతం మోసపోయి తరుముతాయి. నాకు జాతి పేరు తొందరగా వచ్చేసింది కాబట్టి ముక్కు వైపు చూడనే లేదు. ఆ అమ్మాయికి పేరు తెలియదు కాబట్టి అన్నీ చూసింది.

అందుకే ఈ వరుసలో రాసుకోమంటాను: ముందు సైజు, తెలిసిన పక్షితో పోల్చి (పిచ్చుకంత, గోరింకంత, కాకంత). తర్వాత ముక్కు, కాళ్లు, తోక, ఎగిరే తీరు, కూత. రంగు చివర్లో. ఉదయపు మంచులో, మబ్బులో, ఎదురెండలో రంగు మోసం చేస్తుంది, ఆకారం అంతగా చేయదు. ఎంత దూరం నుంచి, ఎన్ని సెకన్లు చూశారో కూడా రాయండి. ఏం కనిపించలేదో కూడా రాయండి. "కాళ్లు కనపడలేదు" అన్న ఆ మూడో ముక్క చాలా నిజాయితీ గల ముక్క.

ఫోటో లేకపోతే ఎవరూ ఒప్పుకోరు కదా?

ఈబర్డ్‌లో ఫోటో తప్పనిసరి కాదు. ఆ ప్రాంతంలో, ఆ నెలలో అరుదైనదైతే మాత్రం వివరం అడుగుతారు, అప్పుడు పైన చెప్పిన నోట్సే మీ సాక్ష్యం. ఐనాచురలిస్ట్‌లో ఫోటోగానీ శబ్దంగానీ లేని రికార్డు "క్యాజువల్" అనే కింది మెట్టు దగ్గరే ఆగిపోతుంది. అయినా ఉంటుంది, పోదు.

ఫోటో తీస్తే ఎలాంటిది తీయాలి?

అందమైనది అక్కర్లేదు. మసకగా ఉన్నా పక్క నుంచి ఒకటి, ఎగిరేటప్పుడు రెక్కలు విప్పినది ఒకటి ఉంటే చాలు. గుడ్డికొంగ గట్టు మీద కూర్చున్నప్పుడు మట్టి రంగు, లేచిందంటే రెక్కలు తెల్లగా మెరుస్తాయి. కూర్చున్న ఫోటో ఒక్కటే చూసిన కొత్తవాళ్లకు, ఎగిరినప్పుడు అది వేరే పక్షిలా అనిపిస్తుంది. సీతాకోకచిలుకలకు రెక్కల పైభాగం, కిందిభాగం రెండూ కావాలి. మొక్క మీద ఉన్న పురుగైతే ఆ మొక్క ఆకును కూడా తీయండి.

ఫోటోను వాట్సాప్‌లో పంపించుకుని, అక్కడి నుంచి దింపుకుని అప్‌లోడ్ చేయొద్దు. మామూలుగా పంపిన ఫోటోలో సైజు తగ్గిపోతుంది, తీసిన చోటు వివరం పోతుంది. ఫోన్‌లో ఉన్న అసలు ఫైలే పెట్టండి.

యాప్ పేరు చెప్పేసింది. ఇంకా అనుమానం ఎందుకు?

మెర్లిన్ అనే యాప్ పక్షి కూత విని పేర్లు చూపిస్తుంది. ఐనాచురలిస్ట్ ఫోటో చూసి సూచిస్తుంది. రెండూ మంచి తోడు, నేనూ రోజూ వాడతాను. కానీ యాప్ చెప్పింది సూచన మాత్రమే, సాక్ష్యం కాదు. ఒక పక్షి ఇంకో పక్షి కూతను అనుకరిస్తే యాప్ కూడా ఆ అనుకరణకే పేరు పెట్టొచ్చు. రాకెట్‌టెయిల్డ్ డ్రోంగో, అంటే తోక చివర రెండు తీగలు వేలాడే నల్ల ఏట్రింత, అడవిలో ఎన్ని గొంతులు తీస్తుందో తాడ్వాయి దారిలో నడిచినవాళ్లకు తెలుసు. తెర మీద పేరు వెలిగాక కూత వచ్చిన చెట్టు వైపు చూడండి. పక్షి కనిపిస్తేనో, ఆ కూత మీకు ముందే గట్టిగా తెలిసి ఉంటేనో రాయండి. లేకపోతే రికార్డింగు దాచుకుని "గుర్తు పట్టలేదు" అని వదిలేయండి.

ఐనాచురలిస్ట్‌లో ఇంకో సంగతి. మీరు యాప్ చెప్పిన పేరే నొక్కుతారు, చూసిన రెండోవారు కూడా యాప్ మాటే నమ్మి "అవును" అంటారు. గుర్తించినవాళ్లలో మూడింట రెండొంతుల కంటే ఎక్కువ మంది ఒకే జాతి పేరు చెబితే, మిగతా వివరాలు కూడా సరిగా ఉంటే, అది "రీసెర్చ్ గ్రేడ్", అంటే పరిశోధనకు పనికొచ్చే రికార్డు, అయిపోతుంది. ఇద్దరు చాలు. ఆ ఇద్దరిలో ఒకరు మీరే. కాబట్టి ఇంకొకరి రికార్డుకు ఊరికే మర్యాదకు అవునని నొక్కకండి. సొంతంగా గుర్తుపట్టగలిగితేనే నొక్కండి.

జంతువు కనిపించలేదు, అడుగులే కనిపించాయి. ఎలా?

ముందు పక్కన ఏదైనా కొలత పెట్టి, నేరుగా పైనుంచి ఫోటో తీయండి. స్కేలు లేకపోతే పది రూపాయల నాణెం పెట్టండి, దాని అడ్డుకొలత 27 మిల్లీమీటర్లు. ఒక్క అడుగు తీసి ఆపొద్దు, వరుసగా నాలుగైదు తీయండి.

పిల్లి జాతి అడుగు గుండ్రంగా ఉంటుంది, మామూలుగా గోళ్ల గుర్తులు పడవు, మడమ మెత్త వెనక అంచు మూడు వంపులుగా ఉంటుంది. కుక్క, తోడేలు, దుమ్ములగొండి అడుగుల ముందు గోళ్లు గుచ్చుకున్న గుర్తులు పడతాయి. బాగా ఎదిగిన పెద్దపులి అడుగు చిరుతది కంటే చాలా పెద్దది. కానీ మెత్తటి బురదలో ఏ అడుగైనా విచ్చుకుంటుంది, వాన పడితే ఇంకా పెద్దదవుతుంది, జారితే పిల్లి గోళ్లు కూడా పడతాయి. అందుకే నేల ఎలా ఉందో, తడిగానా పొడిగానా, తప్పకుండా రాయాలి. దేశంలో పులుల లెక్క కూడా 2006 నుంచి అడుగుల మీదే ఆధారపడటం మానేసి, ముఖ్యంగా కెమెరాల్లో పడే చారలను బట్టి సాగుతోంది. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు.

ఇది కేవలం హాబీ సంగతి కాదు, అందుకే కాస్త ఎక్కువ చెబుతున్నాను. కాగజ్‌నగర్ వైపు 2020లో, 2024లో పులి దాడుల్లో మనుషులు చనిపోయారు. పత్తి ఏరుతున్నప్పుడు పోయినవాళ్లూ ఉన్నారు. ఆ భయం ఉత్తర తెలంగాణ పల్లెల్లో నిజమైనది. నాకు తెలిసిన ఒక ఊళ్లో చెలక గెట్టు మీద పడ్డ అడుగు ఫోటో, పక్కన ఏ కొలతా లేకుండా, "పెద్దపులి" అనే మాటతో గ్రూపుల్లో తిరిగింది. రెండు రోజులు కూలికి ఎవరూ పోలేదు. తీరా చూస్తే ఆ అడుగుల ముందు గోళ్ల గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. రెండు రోజుల కూలి పోవడం ఆ ఇళ్లకు చిన్న సంగతి కాదు. ఇంకోలా జరిగినా అంతే నష్టం. నిజంగా పులి వచ్చినప్పుడు ఎవరూ నమ్మకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

కాబట్టి పెద్ద జంతువు అడుగు అని అనుమానం వస్తే గ్రూపులో పెట్టకండి. ముందు అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కు గానీ సెక్షన్ ఆఫీసర్‌కు గానీ ఫోన్ చేయండి. "పులి వచ్చింది" అనకుండా "ఇంత వెడల్పు అడుగులు, ఈ చోట, ఈ దిక్కుకు పోతున్నాయి" అని చెప్పండి. వాళ్లు వచ్చేదాకా ఆ అడుగుల మీద మేకగంపో తట్టో బోర్లించి పెట్టండి. ఆ అడుగుల వెంట మాత్రం నడుచుకుంటూ పోకండి.

పాము సంగతి?

దగ్గరికి పోకండి. గుర్తుపట్టలేకపోతే "పాము, జాతి తెలియదు" అని రాసి ఊరుకోండి. కట్లపాముకూ విషం లేని వుల్ఫ్ స్నేక్‌కూ తేడా చెప్పడానికి చారలు చూడాలంటారు. కట్లపాముకు తల దగ్గర చారలు తక్కువై తోక వైపు స్పష్టంగా ఉంటాయి, వుల్ఫ్ స్నేక్‌కు దానికి తిరగేసి. ఇది ఫోటో చూసి ఇంట్లో కూర్చుని నేర్చుకోవాల్సిన పాఠం, టార్చి వేసుకుని వంగి చూసి నేర్చుకునేది కాదు. ఒకవేళ కరిస్తే పామును పట్టుకోవడానికో, చంపి తీసుకెళ్లడానికో ఒక్క నిమిషం కూడా పోగొట్టుకోవద్దు. మన దేశంలో ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ కలిపి తయారుచేసిందే. నేరుగా ఆసుపత్రికి పోవాలి.

ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టలేకపోయాను. ఎంత రాయను?

పదింటిని లెక్కపెట్టి, అవి ఎంత జాగా పట్టాయో చూసుకుని, అలాంటి జాగాలు ఎన్ని ఉన్నాయో అంచనా వేయండి. అంచనా అని రాయండి. అదీ కుదరకపోతే ఈబర్డ్‌లో ఎక్స్ అని పెట్టొచ్చు, ఉన్నాయి గానీ లెక్క లేదని అర్థం. నా వరకు ఎక్స్ కంటే "సుమారు 150" మేలు.

చూసిన వాటిలో తెలిసినవి మాత్రమే రాస్తే సరిపోదా?

ఈబర్డ్ చివర్లో ఒక ప్రశ్న అడుగుతుంది: గుర్తుపట్టగలిగినవన్నీ రాశారా అని. కాకులు, గోరింకలు వదిలేసి అరుదైనవే రాస్తే "కాదు" అని చెప్పాలి. గుర్తుపట్టగలిగిన ప్రతిదీ రాసి, కొన్ని మాత్రం తేల్చుకోలేకపోతే "అవును" అనే చెప్పొచ్చు. ఆ అవును విలువైనది. ఎందుకంటే అందులో లేని పక్షి ఆ పూట అక్కడ కనిపించలేదని కూడా తెలుస్తుంది. పాలపిట్ట మన రాష్ట్ర పక్షి. అది ఫలానా ఊరి చుట్టూ తగ్గిందా లేదా అని తెలియాలంటే, కనిపించిన రోజులతో పాటు కనిపించని రోజులు కూడా కావాలి. దసరా నాడు ఒక్కరోజు చూసిన లెక్క చాలదు.

గ్రూపులో పెద్దవాళ్లు ఒక పేరు చెప్పారు. నాకు అలా అనిపించడం లేదు.

వాళ్లు ఏ గుర్తును బట్టి చెప్పారో అడగండి. "సార్, ఏం చూసి చెప్పారు? నాకూ తెలుస్తుంది కదా" అంటే ఎవరూ నొచ్చుకోరు. చెప్పిన గుర్తు మీ నోట్సులో ఉంటే మార్చుకోండి. లేకపోతే మీ రికార్డును జాతి తేల్చకుండా, కుటుంబం లాంటి పై మెట్టులోనే ఉంచండి. వయసుకు గౌరవం ఇవ్వాల్సిందే, కానీ కొమ్మ మీద పక్షిని చూసింది మీరు.

తప్పు రాశానని తర్వాత తెలిసింది.

దిద్దండి. అన్ని చోట్లా వీలుంది. నోటుబుక్కులో అయితే పాతదాన్ని కొట్టేసి చింపకండి, ఒక గీత గీసి పక్కన కొత్త పేరు, తేదీ రాయండి. నా ధర్మసాగర్ పేజీలో షిక్రా అన్న మాట ఇప్పటికీ గీత కింద చదవొచ్చు.

చోటు అందరికీ కనిపించేలా పెట్టాలా?

అన్నిటికీ పెట్టకండి. అలుగు, నక్షత్ర తాబేలు, గుడ్లగూబ గూడు, ఏ వేటపక్షి గూడైనా సరే, చోటు దాచండి. అలుగును పెంకుల కోసం, నక్షత్ర తాబేలును పెంపకానికి అమ్మడం కోసం పట్టుకుపోయేవాళ్లు ఉన్నారు. ఐనాచురలిస్ట్ ప్రమాదంలో ఉన్న చాలా జాతుల చోటును తనంతట తానే 0.2 డిగ్రీల గడిలో ఎక్కడో ఒకచోటికి జరిపి చూపిస్తుంది. మిగతావాటికి మీరే దాచే వీలుంది. కానీ మీ రికార్డు దాచి, అదే రోజు ఫేస్‌బుక్‌లో గుట్ట పేరుతో సహా ఫోటో పెడితే దాచిన ఫలితం ఉండదు.

చిక్కు ఎక్కడంటే, జాతి తేలనప్పుడు యాప్‌కు దాచాలని తెలియదు. "తాబేలు, జాతి తెలియదు" అని పెడితే చోటు బయటపడే ఉంటుంది. తర్వాత ఎవరో అది నక్షత్ర తాబేలని చెప్పేలోపు రెండు రోజులు గడిచిపోతాయి. అందుకే అనుమానం ఉన్నప్పుడు ముందే దాచిపెట్టి, పేరు తేలాక అవసరమైతే తెరవండి. కొమురం భీం జిల్లా బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్లు పెట్టిన సంగతి చాలామందికి తెలిసిందే. అలా తెలిసిన చోటైనా సరే, గూళ్లు పెట్టే కాలంలో గుంపులుగా వెళ్లి ఫోటోలకు ఎగబడొద్దు.

ఈక దొరికింది, ఎముక దొరికింది. గుర్తింపు కోసం ఇంటికి తెచ్చుకోవచ్చా?

వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది మీకు చిక్కు తేవొచ్చు. స్కేలు పెట్టి రెండు వైపులా ఫోటో తీసి అక్కడే వదిలేయండి. రోడ్డు మీద చచ్చిపోయిన జంతువునైతే తప్పకుండా రికార్డు చేయండి. గుర్తుపట్టలేనంతగా నలిగిపోయినా, ఏ మలుపు దగ్గర, ఎన్నింటికి చూశారో రాయండి. బండి రోడ్డు పక్కకు ఆపి, వెనక వచ్చే వాహనాలు చూసుకున్నాకే ఫోన్ తీయండి.

పాత నోటుబుక్కుల్లో పేర్లు తేలనివి చాలా ఉన్నాయి. ఇప్పుడు ఎక్కించొచ్చా?

ఎక్కించండి. ఈబర్డ్ పాత తేదీలు తీసుకుంటుంది. గంట గుర్తులేకపోతే దానికీ వేరే పద్ధతి ఉంది. అప్పుడు "తెలియదు" అని రాసినదాన్ని ఇప్పుడు జ్ఞాపకం మీద పేరు పెట్టి మార్చకండి, అప్పటి వివరంలోనే ఆ పేరు తేలితే తప్ప. మొన్న ఎండాకాలం మా గుంపులో ఒకరు పదిహేనేళ్ల కిందటి లక్నవరం పేజీ తీశారు. "కాకి కంటే చిన్నది, గోధుమరంగు రెక్కలు, నల్ల ఒళ్లు, ఎర్ర కన్ను, పొదల్లో కింద నడుస్తోంది, గుడ్ గుడ్ గుడ్ అని లోతుగా కూస్తోంది, పేరు తెలియదు" అని ఉంది. జెముడుకాకి. చదువుతుంటేనే ముగ్గురం ఒక్కసారి అన్నాం. కాకి కంటే చిన్నదని సైజు ఒక్కటే కాస్త తక్కువగా రాశారు. దాన్ని అలాగే ఉంచి, కొత్త పేరుతో ఎక్కించాం.